ఊరి ప్లీడరు గారి జీవితచరిత్ర రాయాలంటే

పాత మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాల్లో ప్లీడరీతో మొదలై, శాసనమండలిలో కూర్చుని, సహకార బ్యాంకు నడిపిన పెద్దలున్నారు. అలాంటివారి గురించి రాసేటప్పుడు ఉపన్యాసాల జోలికి ముందే పోవద్దు, బ్యాంకుతో మొదలుపెట్టండి. ఆయన ఎవరిని నమ్మారో, ఎవరికి అప్పిచ్చారో తెలిసేది అక్కడే.

బ్యాంకు నడుస్తుంటే కార్యదర్శిని మినిట్స్ పుస్తకాలు, వార్షిక నివేదికలు ఏయే సంవత్సరాలవి కావాలో రాతపూర్వకంగా అడగండి. మూతపడితే జిల్లా సహకార శాఖ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ నంబరు, బైలాలు వెతకాలి. మినిట్స్‌లో ప్రతి అప్పు దగ్గరా మూడు పేర్లు ఎత్తి రాసుకోండి: అప్పు అడిగినవారు, జామీను నిలిచినవారు, మంజూరును ప్రతిపాదించిన డైరెక్టరు. బంధువుల అప్పు చర్చకు వచ్చిన రోజు మన ప్లీడరు గారు సమావేశంలో ఉన్నారా లేదా అన్నది తప్పక చూడాలి.

అంకెల దగ్గర తొందరపడితే లెక్క చెడుతుంది. 1957 ఏప్రిల్‌కు ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ‘1250-8-0’ అంటే పన్నెండు వందల యాభై రూపాయల ఎనిమిది అణాలు, అంటే 1250.50. దాన్ని 1250.80 అని ఎక్కిస్తే చివరి మొత్తం ఎప్పటికీ కలవదు.

తర్వాత శాసనమండలి. 1920 ఎన్నికల నుంచి 1937 దాకా మద్రాసులో ఉన్నది ఒకే సభ. ఆనాటి ఎం.ఎల్.సి.ని ఇప్పటి ఎగువసభ సభ్యుడిగా రాయడం చాలా పుస్తకాల్లో కనిపించే తప్పు. ఎన్నికయ్యారో, నామినేట్ అయ్యారో కూడా తేల్చుకోండి. చర్చల సంపుటాల్లో పేరుకు ముందు ‘ఎం.ఆర్.ఆర్.వై.’ ఉంటుంది. అది మహారాజరాజశ్రీ అనే గౌరవవాచకం, ఇంటిపేరు పొడి అక్షరాలు కాదు. పెద్ద ప్రసంగాలకన్నా కాలువలు, రోడ్లు, బడుల మీద ఆయన వేసిన చిన్న ప్రశ్నలే నియోజకవర్గాన్ని బాగా చూపిస్తాయి.

వృత్తి దగ్గర ‘లాయరు’ అని ఊరుకోకండి. హైకోర్టు వకీలా, మొదటి తరగతి ప్లీడరా, రెండో తరగతా అన్నది సన్నదులో, అంటే వృత్తి చేసేందుకు ఇచ్చిన అనుమతి పత్రంలో, ఉంటుంది. ఏ కోర్టుల్లో వాదించవచ్చో దాన్నిబట్టే.

జిల్లా పేరు కూడా సరిచూడాలి. ఏలూరు 1904 దాకా గోదావరి జిల్లాలోనిది, అక్కడి నుంచి 1925 దాకా కృష్ణా జిల్లాలోనిది. మోచర్ల రామచంద్రరావు వంటి ఏలూరు వకీళ్ల తొలినాళ్ల కాగితాలకు గోదావరి, కృష్ణా రికార్డులు రెండూ చూడాలి. కుటుంబసభ్యులను కలవడం అన్నిటికన్నా చివర, తేదీల పట్టిక చేతిలో పెట్టుకుని.