చిన్న కంపెనీలో కొత్త విద్య – 4వ పాఠం: డిగ్రీ గడి కొట్టేయండి

పోయినసారి మీ కంపెనీలో ఎవరికి ఏం వచ్చో పట్టిక వేయమన్నాను. మీరు పంపిన పట్టికల్లో చాలావరకు బయోడేటాల్లోంచి దించినవే: బీటెక్, ఎంబీఏ, ఐటీఐ, పాసైన సంవత్సరం. అందుకని ఈ వారం పాఠం ఆపి, ఆ పట్టికే బాగుచేద్దాం.

బయట పుట్టిన కొత్త సంగతి విలువ పసిగట్టి, ఒంటబట్టించుకుని, వాడుకోవడం అప్పటికే మనకున్న పరిజ్ఞానాన్ని బట్టి ఉంటుందని 1990లో కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. పెద్ద సంస్థకైతే పరిశోధన విభాగం ఉంటుంది. పదిమంది ఉన్నచోట ఆ పదిమంది బుర్రలే విభాగం.

అక్కడే మీరు పడుతున్న గొయ్యి. బాలానగర్‌లో ఒక మెషీన్ షాపు అనుకోండి. డిప్లొమా అమ్మాయి డ్రాయింగ్‌లో టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా చెల్లుతుందో) చూడగానే ఏ కొలత తప్పకూడదో చెప్పేస్తుంది. ఐటీఐ చదివిన ఆపరేటర్ సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషీన్) చప్పుడు మారగానే ఇన్సర్ట్ (లోహాన్ని కోసే ముక్క) అరిగిందని పట్టేస్తాడు. మీ పట్టికలో ఆమె ‘డిప్లొమా’, అతను ‘ఐటీఐ’. అసలు సంగతి రెండు గడుల్లోనూ లేదు! ఇద్దరూ కూర్చుని ‘ఫలానా మెటల్‌కి ఇన్ని పీసులకోసారి ఇన్సర్ట్ మార్చాలి’ అని ఒక కాగితం రాసుకుంటే, అదీ కంపెనీలో పుట్టిన కొత్త విద్య. అతను మానేసినా కాగితం ఉంటుంది. ఆమెకు లోహాల గురించి బొత్తిగా తెలియకపోతే అతను చెప్పేది ఎక్కదు; ఇద్దరికీ ఒకటే తెలిస్తే రాయడానికేం ఉండదు. మీలో కొందరు అందరినీ ఒకే కాలేజీ నుంచి తీసుకున్నామని గొప్పగా రాశారు. నాకైతే టెన్షన్ పుట్టింది.

మన హైదరాబాద్‌లో ఇన్ని మందుల కంపెనీలు రావడానికి ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు పెద్ద కారణం. అంజిరెడ్డి గారు పూణెలోని జాతీయ రసాయన పరిశోధనశాల ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లో పనిచేశాకే సొంత కంపెనీల వైపు వచ్చారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. చదువు, చేతిపని రెండూ. రాకెట్లు తయారుచేసే స్కైరూట్‌ది కూడా అదే దారి, దాన్ని పెట్టినవాళ్లు ఇస్రో నుంచి వచ్చారు.

అభ్యాసం: డిగ్రీ గడి కొట్టేసి రెండు గడులు గీయండి: ‘ఇతన్ని ఎవరు, ఏం అడుగుతారు’, ‘ఇతను ఎవర్ని, ఏం అడుగుతాడు’. వారంపాటు సాయంత్రం టీ దగ్గర అడిగి నింపండి, మీరు ఊహించి రాయొద్దు. ఎవరూ ఏమీ అడగని మనిషి తేలితే ఆయన పక్కన రెండు రోజులు కూర్చోండి. ఓనర్ వరుస ఖాళీగా ఉంటే ఆ పట్టిక నేను దిద్దను.