ఈఎన్‌టీ డాక్టర్ కావాలంటే ఏం చేయాలి?

ఇంటర్ రెండేళ్లు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఈఎన్‌టీలో పీజీ అయిన ఎంఎస్ మూడేళ్లు. ఎక్కడా ఆగకపోతే మొత్తం పదిన్నరేళ్లు.

ముందు బైపీసీ, ఆపై ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్. కాలేజీలో చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. 180 ప్రశ్నలకు 720 మార్కులు, అందులో సగం బయాలజీవే. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. పేపరు తెలుగులోనూ ఉంటుంది.

ఎంబీబీఎస్‌లోనూ ఈఎన్‌టీ ఉంటుంది. చిన్న సబ్జెక్టే కదా అని చాలామంది పోస్టింగ్‌కు, అంటే ఆ విభాగంలో పేషెంట్ల దగ్గర నేర్చుకునే డ్యూటీకి, డుమ్మా కొడతారు. అసలు పని పట్టుబడేది అక్కడే. తలకు కట్టుకునే అద్దాన్ని (హెడ్ మిర్రర్) కంటిమీదికి దించుకుని, దాదాపు 25 సెంటీమీటర్ల దూరంలో వెలుగు ఒక్కచోట పడేలా చూసుకోవాలి. కొత్తవాళ్లు తల కదిపి వెలుగు పోగొట్టుకుంటారు. కదపాల్సింది పేషెంట్ తలని. పెద్దవాళ్ల చెవి పైకీ వెనక్కీ, పసిపిల్లలదైతే కిందికీ వెనక్కీ లాగితేనే కర్ణభేరి కనిపిస్తుంది. వినికిడి పరీక్షకు వాడే 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను బల్లకేసి కొట్టొద్దు, అక్కర్లేని స్వరాలు కలుస్తాయి. మోచేతికి తట్టండి.

ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక నీట్ పీజీ: 200 ప్రశ్నలు, 800 మార్కులు. ఎయిమ్స్, జిప్‌మర్‌లకు ఐఎన్‌ఐ-సెట్ అనే పరీక్ష వేరుగా రాయాలి. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆలిండియా కోటావి. రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ తెలంగాణలో కాళోజీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు జరుపుతాయి. ఎంఎస్‌కు బదులుగా చేసే డీఎన్‌బీ కూడా మూడేళ్లే.

సీటు ఎంచుకునేటప్పుడు భవనాలు కాదు, కేసులు చూడండి. కోఠిలో, విశాఖలో అచ్చంగా ఈఎన్‌టీకే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఏ కాలేజీ అయినా సీనియర్ పీజీలను రెండు ప్రశ్నలడగండి: రెండో ఏడాదిలో మీ చేత్తో ఏ ఆపరేషన్లు చేశారు? చెవి ఎముక మీద డ్రిల్లింగ్ నేర్పే టెంపోరల్ బోన్ ల్యాబ్ నడుస్తోందా?

ఆ రెండో ప్రశ్న ఊరికే కాదు. చెవి వెనక ఎముకలోంచే ముఖాన్ని కదిలించే నరం వెళ్తుంది. డ్రిల్లు జారితే మూతి వంకరపోతుంది. అందుకే నరం దగ్గరికి వచ్చేసరికి డ్రిల్లు మొనకుండే కటింగ్ బర్ తీసేసి డైమండ్ బర్ పెట్టి, నరం వెంబడే నడపాలి, అడ్డంగా కాదు. బర్ మీద పడే నీళ్ల ధార ఆగిపోకూడదు: బర్ తగలకపోయినా వేడికే నరం దెబ్బతింటుంది. ఇదంతా ముందు శవం ఎముక మీద చేయాలి.

థీసిస్ మాత్రం వాయిదా వేయకండి, ఫైనల్ పరీక్షకు ఆరు నెలల ముందే ఇచ్చేయాలి. మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రి డ్యూటీ ఉంటుంది. పాసయ్యాక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఎంఎస్ డిగ్రీని నమోదు చేయించుకున్నాకే ఈఎన్‌టీ డాక్టర్ అని బోర్డు రాయించండి.