సెకండ్ హ్యాండ్ పోలో జీటీ టీఎస్ఐ ఏ ఇయర్‌ది కొనాలి? సమస్య - పరిష్కారం

తిరుపతిలో పది లక్షల లోపు కాస్త పరిగెత్తే కారు కావాలంటే చాలామంది చూపు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ మీద పడుతుంది. దాన్ని అసలైన స్పోర్ట్స్ కారు అనలేం, కానీ మన జేబుకి అదే స్పోర్ట్స్ కారు. మన దేశంలో 2013లో వచ్చింది, 2022లో పోలో తయారీయే ఆపేశారు. బ్రోకర్లు ఇయర్ చెప్పి, దాన్ని పట్టుకుని రేటు చెప్తారు. మీరు మాత్రం లోపల ఏ గేర్‌బాక్స్ ఉందో ముందు తేల్చుకోండి, ఇయర్ సంగతి ఆ తర్వాత.

సమస్య: "2020 మోడల్" అన్నారు, కానీ ఏ ఇంజినో అర్థం కావట్లేదు

2020 మార్చి 31తో బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) బండ్ల రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. ఆ గడువు లోపల షోరూముల్లో ఉన్న పాత స్టాక్ రిజిస్టర్ అయింది, కొత్త బీఎస్6 బండి కూడా ఆ మార్చిలోనే దిగింది. అందుకే ఒకే ఇయర్ పేరు మీద రెండు వేర్వేరు కార్లు తిరుగుతున్నాయి. పాతదానిలో నాలుగు సిలిండర్ల 1.2 ఇంజిన్, 105 పీఎస్ పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్. కొత్తదానిలో మూడు సిలిండర్ల 1.0 ఇంజిన్, 110 పీఎస్, ఆరు గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. టార్క్, అంటే లాగే బలం, రెండింటికీ 175 ఎన్ఎమ్మే.

పరిష్కారం సులువు. ఆర్సీలో సీసీ చూడండి, 1197 అంటే పాతది, 999 అంటే కొత్తది. తయారైన నెల, సంవత్సరం కూడా అక్కడే ఉంటాయి, రిజిస్ట్రేషన్ తేదీని కాకుండా దాన్నే నమ్మండి. ఇంకో చిన్న కిటుకు ఏంటంటే, 2019లో రాష్ట్రమంతా ఏపీ39 సీరీస్ వచ్చేసింది, కాబట్టి చిత్తూరు జిల్లా పాత ఏపీ03 నంబరున్న కారుని 2020 మోడల్ అని ఎవరైనా అమ్మబోతే ఇక బేరం అక్కర్లేదు.

సమస్య: స్లోగా వెళ్తున్నప్పుడు బండి వణుకుతోంది

ఇది 1197 సీసీ డీఎస్‌జీ వాళ్ల తలనొప్పి. ఆ గేర్‌బాక్స్‌లో రెండు డ్రై క్లచ్‌లు ఉంటాయి, వాటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. లీలామహల్ సర్కిల్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతుంటే క్లచ్ సగం పట్టి సగం వదిలి రాసుకుంటూనే ఉంటుంది, మన ఎండలు దానికి తోడు. ఊరు దాటని కారు 40 వేల కిలోమీటర్లే తిరిగినా క్లచ్ అరిగి ఉండొచ్చు, బెంగళూరు హైవే మీద లక్ష తిరిగినది బాగానే ఉండొచ్చు, కాబట్టి మీటర్ చూసి మురిసిపోకండి.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ బైపాస్ మీద వద్దు. ముందు ఊళ్లో ఇరవై నిమిషాలు నడిపి గేర్‌బాక్స్ వేడెక్కనివ్వండి, ఆ తర్వాత ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద మెల్లగా రివర్స్‌లో ఎక్కించండి. రివర్స్, రెండో గేరు ఒకే క్లచ్ మీద పనిచేస్తాయి. ర్యాంప్ మీద గడగడలాడి, మళ్లీ ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు కూడా వణికితే అనుమానం ఆ క్లచ్ మీదే. వీలైతే భాకరాపేట ఘాట్ దాకా వెళ్లిరండి, ఎక్కుడు రోడ్డులో గేర్లు తడబడితే అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది.

పరిష్కారం రెండు రకాలు. కంప్యూటర్ పెట్టి అడాప్టేషన్, అంటే క్లచ్ సెట్టింగ్ మళ్లీ సరిచేయడం, చేస్తే కొన్ని బండ్లకి తగ్గుతుంది, అరుగుదల ఉంటే క్లచ్ ప్యాక్ మార్చాల్సిందే. అమ్మే ముందు అడాప్టేషన్ చేయించి వణుకు కొన్నాళ్లు కనబడకుండా చేసేవాళ్లు ఉన్నారు, అందుకే సర్వీస్ బిల్లులు అడగండి. క్లచ్ ప్యాక్ మార్చిన బిల్లు కనబడితే భయపడకండి, నన్నడిగితే అది ఆ కారుకి ప్లస్ పాయింటే.

సమస్య: మీటర్‌లో గేర్ అక్షరం మెరుస్తోంది, గేర్లు పడట్లేదు

ఇదీ డీఎస్‌జీ సమస్యే. చాలాసార్లు కారణం మెకట్రానిక్ యూనిట్, అంటే గేర్లని నడిపించే హైడ్రాలిక్ ప్లస్ ఎలక్ట్రానిక్ మెదడు. కొత్తది వేయిస్తే బిల్లు లక్ష దాటుతుంది. "చిన్న సెన్సార్ అండీ, వెయ్యి రూపాయల పని" అంటే ఆ వెయ్యి పెట్టి బాగు చేయించాకే రమ్మనండి.

సమస్య: పొద్దున మొదటి స్టార్ట్‌లో గరగర శబ్దం

తొలి ఇయర్ల 1.2 ఇంజిన్లలో లోపలి టైమింగ్ చెయిన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఇది వినబడుతుంది. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే చూడ్డం వాయిదా వేసి, రేపు పొద్దున వస్తాం, స్టార్ట్ చేయకుండా ఉంచండి అని చెప్పండి. 999 సీసీ బండి ఆగి ఉన్నప్పుడు కాస్త వైబ్రేషన్ వస్తే అది మూడు సిలిండర్ల స్వభావం, దానికి టెన్షన్ అక్కర్లేదు.

స్పీడ్ బ్రేకర్ల మీద టకటక అంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, బుష్‌లు అరిగినట్టు. దానికోసం బేరమాడండి, కారు వదులుకోకండి.

మరి ఏ ఇయర్?

రోజూ ఊళ్లో తిరిగేవాళ్లు 2020 మార్చి తర్వాతి 999 సీసీ తీసుకోండి, రేటు ఎక్కువైనా గేర్‌బాక్స్ భయం బాగా తగ్గుతుంది. ఆ నాలుగు సిలిండర్ల నున్నదనం, డీఎస్‌జీ టకటకా గేర్లు మార్చే తీరే కావాలంటే 2017 - 2019 మధ్యవి వెతికి, క్లచ్ కోసం విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి. 2013, 2014 బండ్లు తక్కువలో వస్తున్నాయి కదా అని ఎగబడొద్దు. "స్టేజ్ 1 చేయించాం బ్రో" అన్నవి, అంటే సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచినవి, అసలే వద్దు, ఆ డీఎస్‌జీ తయారైందే 250 ఎన్ఎమ్ టార్క్ వరకు తట్టుకోడానికి.

సమస్య: చెన్నై కారు, మనూరి రేటు కన్నా చాలా తక్కువ

వరద నీళ్లలో నిలిచిన కారేమో చూసుకోండి, 2015 డిసెంబర్‌లోనూ 2023 డిసెంబర్‌లోనూ అక్కడ కార్లు మునిగాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత కనబడొచ్చు, సీటు కింద పట్టాల మీద తుప్పు ఉండొచ్చు, ఏసీ వేస్తే ముక్కిపోయిన వాసన రావొచ్చు. అవేవీ లేకపోతే లెక్క వేయండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్, ట్రాన్స్‌ఫర్‌కి 29, 30 ఫారాలు. ఇవన్నీ కలిపితే తిరుపతి కారుతో తేడా కొన్నిసార్లు మిగలదు. లోన్ ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీలోంచి లోన్ తీయించే ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.