కంట్రోల్ పంచ్‌లు ఫినిష్‌కి అందడం లేదా?

కోనసీమ తోటల్లో ఓరియంటీరింగ్ (మ్యాప్ చూసుకుంటూ గుర్తుపెట్టిన చోట్లన్నీ తాకి వచ్చే పరుగు పందెం) పెట్టిన రోజు లైవ్ ఫలితాలు ఆగిపోతే అందరూ ముందు ల్యాప్‌టాప్ మీద పడతారు. కంగారొద్దు. కంట్రోల్ అంటే దారిలో తాకాల్సిన చోటు, అక్కడి స్టేషన్‌కి ఆటగాడు చిప్ తాకిస్తే పడే నమోదే పంచ్. అది ఆటగాడి చిప్‌లో భద్రంగానే ఉంటుంది, ఫినిష్‌లో చిప్ చదివితే అసలు ఫలితం వచ్చేస్తుంది. పోయింది లైవ్ ఒక్కటే, అంటే కంట్రోల్ నుంచి రేడియోలో ఫినిష్‌కి రావాల్సిన కబురు. వెతుకులాట కంట్రోల్ దగ్గర మొదలుపెట్టండి.

సాయంత్రం పరీక్షలో బాగానే వచ్చాయి, తెల్లారేసరికి సగం పంచ్‌లు లేవు

రాత్రి పడ్డ మంచుది ఆ పని. తడి ఆకు సిగ్నల్‌ని మింగేస్తుంది. కొబ్బరి మొదళ్ళ మధ్య ఖాళీయే కదా అనుకుంటాం గానీ, కింద అరటి, కోకో అడ్డం. మేం వాడేది లైసెన్స్ అక్కర్లేని 865-867 మెగాహెర్ట్జ్‌లో లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) పెట్టె. కిలోమీటరు దూరానికి దారి మధ్యలో సుమారు 9 మీటర్ల వ్యాసార్థంలో అడ్డు లేకపోతే దానికి సుఖం. నడుమెత్తున కడితే అదెక్కడ దొరుకుతుంది?

ఒకసారి దింపు తీసే అతన్ని బతిమాలి చెట్టెక్కించి, యాంటెన్నా మొవ్వు పక్కన కట్టించాం. కింద ఉన్నప్పటికన్నా అన్యాయం! చుట్టూ తడి మట్టలే మరి. కాలవ గట్టు మీద వెదురు గడ పాతి, మధ్యలో ఒక రిలే (అందిన సిగ్నల్‌ని మళ్ళీ పంపే పెట్టె) పెట్టాక దారికొచ్చింది. పెట్టెను కూడా గడ మీదకే ఎక్కించండి. పెట్టె కింద ఉంచి యాంటెన్నాకి 10 మీటర్ల ఆర్‌జీ-58 (సన్న యాంటెన్నా తీగ) కేబుల్ వేస్తే సగానికి పైగా పవర్ అందులోనే ఆవిరి.

వంద మీటర్లు దాటితే నిశ్శబ్దం

866 బదులు 433 మెగాహెర్ట్జ్ యాంటెన్నా బిగించేశారేమో చూడండి. పావు తరంగం తీగ 866కి 8.6 సెంటీమీటర్లు, 433కి దాదాపు 17. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కనెక్టర్ పచ్చబడుతుంది కూడా. అలాంటిది రుద్దుతూ కూర్చోకుండా మార్చేయండి.

కాసేపు పనిచేసి ఆరిపోతుంది

పెట్టె లాగే కరెంటు మరీ తక్కువ. ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంక్ తనంతట తనే ఆగిపోతుంది. అలా ఆగని బ్యాటరీ వాడండి.

లింక్ ఉంది, పంచ్ ఒక్కటీ రాదు

స్టేషన్‌లో ఆటోసెండ్ (పంచ్ పడగానే బయటికి పంపే సెట్టింగ్) వేశారా?

పంచ్ వస్తుంది, టైమ్ తేడా

గడియారం చిప్ లేని రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), నెట్ లేని లంకలో సరైన టైమ్ చెప్పలేదు. సందేశం చేరిన టైమ్ కాకుండా స్టేషన్ రాసిన టైమే తీసుకోండి. స్టేషన్లన్నిటినీ ఆ ఉదయమే ఒకే గడియారానికి కలపండి, ముందురోజు కలిపాం కదా అని వదిలేయకండి.