విశాఖ రోడ్ల మీద పెద్ద టూరింగ్ బైకులను పోల్చి చూసే పద్ధతి

పెద్ద టూరింగ్ బండి కొనాలనుకునేవారు సాధారణంగా షోరూములో సీటు మీద కూర్చుని, కాళ్లు నేలకు అందుతున్నాయో లేదో చూసుకుని, చుట్టుపక్కల రెండు కిలోమీటర్లు నడిపి ఒక నిర్ణయానికి వస్తారు. ఆ పది నిమిషాల్లో మెత్తగా తోచిన సీటు భీమిలి దాటి తగరపువలస చేరేసరికి తొడలకు తిమ్మిరి తెప్పించవచ్చు. నిలబెట్టి ఉన్నప్పుడు కదిలించడానికే భయపెట్టిన బండి అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఎంతో తేలికగా ఒదగవచ్చు. నా మొదటి పెద్ద బండిని నేను సీటు మెత్తదనం చూసి ఎంచుకున్నాను. తరువాత రెండేళ్ల పాటు ప్రతి దూర ప్రయాణంలోనూ నడుము కింది ఎముక నొప్పితో ఇల్లు చేరాను. అప్పటి నుంచి ఏ రెండు బండ్లనైనా ఒకే దారిలో, ఒకే బరువుతో, ఒకే వేళలో నడిపి, అనిపించినదాన్ని అక్కడికక్కడే రాసుకుని పోల్చడం అలవాటు చేసుకున్నాను. సుఖం ఎంతో తెలియాలంటే కనీసం గంటన్నర నడపాలి, అదుపు ఎంతో తెలియాలంటే నడక వేగంలో నడపాలి అన్నది ఆ అలవాటు వల్ల నేను నేర్చుకున్న విషయం.

ముందుగా బండ్లను సమానం చేయడం

పోలిక న్యాయంగా ఉండాలంటే మొదట టైర్లలో గాలి చూడాలి. బండి చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు గాలి పట్టించాలి. ముందు టైరులో నాలుగైదు పాయింట్లు తక్కువగా ఉంటే చాలు, హ్యాండిల్ బరువెక్కి, మలుపులో బండి మొరాయిస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ దోషాన్ని మనం బండి డిజైనుకు అంటగడతాం.

రెండవది వెనక స్ప్రింగు. ఎక్కువ బండ్లలో దాని బిగువును, అంటే ప్రీలోడ్‌ను, మార్చుకునే వీలుంటుంది. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు చక్రం ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు వరకు టేపుతో కొలవాలి. తరువాత బండిని నేల మీదికి దించి, హెల్మెట్‌తో సహా పూర్తి దుస్తుల్లో కూర్చుని, మరొకరి చేత మళ్లీ కొలిపించాలి. ఈ రెండింటి తేడా ఆ సస్పెన్షన్ మొత్తం కదలికలో మూడో వంతుకు దగ్గరగా ఉండటం మంచిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 వెనక సస్పెన్షన్ కదలిక 101 మిల్లీమీటర్లు కాబట్టి దానికి సుమారు 30 మిల్లీమీటర్ల కుంగుడు సరిపోతుంది. 200 మిల్లీమీటర్లు కదిలే హిమాలయన్ 450కి 60 దాటినా తప్పులేదు. ఈ చిన్న పని చేయకుండా పోల్చితే, మునుపటి యజమాని తన బరువుకు తగ్గట్టు బిగించుకున్న స్ప్రింగును పరీక్షించినట్టవుతుంది తప్ప బండిని పరీక్షించినట్టు కాదు. బండి యజమానిని ముందుగా అడిగి, పరీక్ష అయ్యాక మళ్లీ పాత స్థానానికి బిగించి ఇవ్వడం మర్యాద.

కూర్చునే తీరు

సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ అనే మూడు చోట్ల మధ్య దూరాలే సుఖాన్ని నిర్ణయిస్తాయి. సీటు మెత్తదనానికి వాటి తరువాతే స్థానం. మరీ మెత్తని స్పాంజి అరగంటలో పూర్తిగా అణగిపోయి ఒళ్లంతటి బరువునూ రెండు ఎముకల మీదికి తెస్తుంది. కొంచెం గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటు మొదట మొండిగా తోచినా రెండో గంటలో దాని విలువ తెలుస్తుంది.

కాళ్లు ముందుకు చాపుకుని కూర్చునే క్రూయిజర్ భంగిమ తీర రహదారి మీద హాయిగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయితే ఆ భంగిమలో కాళ్ల మీద బరువు మోపి లేవలేము. మన ఊళ్ల గుండా పోయే ప్రతి రోడ్డు మీదా స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి, వాటిలో చాలావాటికి రంగు కూడా ఉండదు. చివరి క్షణంలో కనబడిన స్పీడ్ బ్రేకర్ దెబ్బ నేరుగా వెన్నెముకకు తగులుతుంది. ఫుట్‌రెస్ట్‌లు సరిగ్గా ఒంటి కిందనే ఉండే బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ వంటి బండ్ల మీద మోకాళ్లతో ఆ దెబ్బను మింగేయవచ్చు. ఆంధ్ర రోడ్ల మీద వందల కిలోమీటర్లు తిరిగేవారికి ఈ ఒక్క తేడా మిగిలిన ఎన్నో సౌకర్యాల కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

సీటు ఎత్తును అంకెను బట్టి అంచనా వేయకూడదు. హోండా గోల్డ్ వింగ్ సీటు ఎత్తు 745 మిల్లీమీటర్లు, బీఎండబ్ల్యూ ఆర్ 1250 ఆర్‌టీ సీటు 805 లేదా 825. అంకెల్లో తేడా పెద్దదే అయినా సీటు వెడల్పు కాళ్లను ఎంత దూరం చేస్తుందో అంకె చెప్పదు. మీరు నిజంగా వేసుకోబోయే బూట్లతోనే, అదీ ఏటవాలు నేల మీద, పాదం ఎంత ఆనుతుందో చూడండి.

గాలి, వేడి

ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఉన్న ఒత్తిడి 100 దగ్గర ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందువల్ల విండ్‌షీల్డ్‌ను నగరంలో పరీక్షించడం వ్యర్థం. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వైపు వెళ్లే వెడల్పాటి బైపాస్ ఈ పరీక్షకు అనువైనది. స్థిరమైన వేగంలో పోతూ, చూపు విండ్‌షీల్డ్ పై అంచు మీదుగా వెళ్తున్నదో, అద్దంలోంచి వెళ్తున్నదో గమనించండి. అంచు మీదుగా వెళ్లడం మంచిది, ఎందుకంటే వానలోనూ పొగమంచులోనూ తడిసిన అద్దంలోంచి దారి కనబడదు. తరువాత హెల్మెట్ ఊగుతున్నదేమో చూసుకోండి. ఛాతీని గాలి నుంచి కాపాడి, సుళ్లు తిరిగే గాలిని తల మీదికి వదిలే విండ్‌షీల్డ్ కంటే అసలు లేకపోవడమే నయం, ఎందుకంటే ఆ ఊపే గంట తరువాత మెడనొప్పిగానూ తలనొప్పిగానూ మారుతుంది.

పక్కగాలిని తెలుసుకోవడానికి బీచ్ రోడ్డును మించిన చోటు లేదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. మధ్యాహ్నం నేల వేడెక్కాక సముద్రం మీది గాలి నేరుగా పక్క నుంచి తోస్తుంది. ఇక్కడ హార్లే డేవిడ్‌సన్ రెండు బండ్ల తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్ట్రీట్ గ్లైడ్‌లో ముందు తొడుగు, అంటే ఫెయిరింగ్, హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి గాలి తోపు చేతులకు తెలుస్తుంది. రోడ్ గ్లైడ్‌లో అదే తొడుగు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి గాలి బండిని తోస్తుంది గానీ హ్యాండిల్‌ను మెలిపెట్టదు. రోడ్ గ్లైడ్ తొడుగు మన ముఖానికి దూరంగా, హ్యాండిల్ తిరిగినా కదలకుండా ఉండటం అలవాటయ్యేవరకు నెమ్మది వేగంలో కొంత వింతగా అనిపిస్తుంది. పొద్దున ఒక బండిని, మధ్యాహ్నం మరొకదాన్ని నడిపి పోల్చితే గాలి మారిపోయి పోలిక చెడుతుందన్నది మరువకండి.

వేడి గురించి ఆ బండ్లు పుట్టిన చలి దేశాల వారు మనంతగా పట్టించుకోరు. పెద్ద ఫెయిరింగ్ చలి గాలిని ఆపుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి వెళ్లేవారికి అది వరం. అదే ఫెయిరింగ్ మే నెలలో, ఒళ్లు ఉప్పు చెమటతో తడిసి ముద్దయ్యే విశాఖ ఉక్కపోతలో, ఇంజను వేడిని మోకాళ్ల దగ్గర బంధించి పెడుతుంది. వీ ఆకారపు రెండు సిలిండర్ల బండ్లలో చాలావాటికి వెనక సిలిండరు తొడకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల మద్దిలపాలెం నుంచి గాజువాక వరకు సిగ్నళ్ల మధ్య ఒకసారి, ఎండవేళ, నడిపి చూడకుండా అటువంటి బండిని కొనవద్దని గట్టిగా చెబుతాను.

నడక వేగంలో అదుపు

వేగంగా పోయేటప్పుడు పెద్ద బండ్లన్నీ స్థిరంగానే ఉంటాయి. బరువు బయటపడేది ఆగేటప్పుడు, మళ్లేటప్పుడు, తోసేటప్పుడు. ఖాళీ మైదానంలో రెండు కార్లు పక్కపక్కన పట్టేంత వెడల్పులో, లైసెన్సు పరీక్షలో వేసినట్టు ఎనిమిది వేసి చూడండి. హాఫ్ క్లచ్ మీద, వెనక బ్రేకును కొద్దిగా తొక్కిపట్టి, చూపును వెళ్లాల్సిన వైపు నిలిపి తిరగాలి. ముందు బ్రేకు ముట్టుకుంటే బండి అటే ఒరుగుతుంది.

ఈ పరీక్షలో అంకెలు మోసం చేస్తాయి. గోల్డ్ వింగ్ టూర్ బరువు సుమారు 390 కిలోలు, ఆర్ 1250 ఆర్‌టీ 279 కిలోలు, సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. కానీ గోల్డ్ వింగ్‌లో 1,833 సీసీల ఆరు సిలిండర్లు రెండు పక్కలకు పడుకుని ఉండటం వల్ల బరువంతా కిందనే ఉంటుంది. బండి కదలడం మొదలుపెట్టగానే ఆ 390 కిలోలలో సగం మాయమైనట్టు అనిపిస్తుంది. ఆర్‌టీలోని బాక్సర్ ఇంజనులోనూ సిలిండర్లు అలాగే పక్కలకు పడుకుని ఉంటాయి కాబట్టి దానిదీ ఇదే గుణం. ఇరుసు మీద ఎత్తుగా బరువున్న 250 కిలోల బండి ఒక్కోసారి వీటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఆగి ఉన్నప్పుడు మాత్రం కిలో కిలో లెక్కే. విశాఖ ఎత్తుపల్లాల ఊరు. కైలాసగిరి దారిలోనో, సింహాచలం కొండ మీదనో ఏటవాలులో ముందు చక్రం పల్లానికి ఉండేలా నిలిపితే, వెనక్కి తోసుకోవడం ఒక్కరి వల్ల అవుతుందో లేదో చూడండి. ఒకసారి నేను అలా నిలిపిన అద్దె బండిని ఇద్దరు ఆటో డ్రైవర్లు సాయం పట్టి వెనక్కి లాగారు. డీసీటీ, అంటే క్లచ్ నొక్కకుండానే గేర్లు మారే గేర్‌బాక్సు, ఉన్న గోల్డ్ వింగ్‌లో నెమ్మదిగా వెనక్కి నడిచే ఏర్పాటు ఉండటానికి కారణం ఇదే. 358 కిలోల బీఎండబ్ల్యూ కే 1600 జీటీఎల్‌లోనూ రివర్స్ సౌకర్యం ఉంది.

ఘాట్ రోడ్డు

భీమిలి వరకు నడిపాక తగరపువలస, ఆనందపురం, పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరి అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కితే ఒకే రోజులో అన్ని రకాల రోడ్లూ దొరుకుతాయి. ఘాట్ మీద మూడు సంగతులు గమనించాలి. ఎడమ మలుపు నుంచి వెంటనే కుడి మలుపుకు బండిని వాల్చడానికి ఎంత బలం పెట్టాల్సి వస్తున్నది అనేది మొదటిది. వెడల్పు హ్యాండిల్, సన్నని టైర్లు ఉన్న బండి ఇక్కడ సులువు, పొడవాటి వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య ఎక్కువ దూరం, ఉన్నది మొండి. మలుపు మధ్యలో గుంత తగిలినప్పుడు బండి పట్టిన గీతలోనే పోతున్నదా, బయటికి జారుతున్నదా అనేది రెండవది. మూడవది బ్రేకు వేసినప్పుడు ముందుభాగం ఎంత కుంగుతున్నది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే సాధారణ ఫోర్కు కుంగుతుంది. బీఎండబ్ల్యూ టెలిలివర్, 2018 నుంచి గోల్డ్ వింగ్‌లో వస్తున్న డబుల్ విష్‌బోన్ అమరిక అనే వేరే రకం ముందు సస్పెన్షన్లు ఆ కుంగుడును బాగా తగ్గిస్తాయి. దిగువకు వచ్చే హెయిర్‌పిన్ మలుపుల్లో, ఎదురుగా బస్సు కనబడినప్పుడు, ఆ నిలకడ ఎంతో ధైర్యాన్నిస్తుంది. అయితే ముందు చక్రం కింద ఏం జరుగుతున్నదో చేతులకు తక్కువగా తెలుస్తుందని కొందరు వీటిని ఇష్టపడరు, అది కూడా నిజమే.

ఫుట్‌బోర్డులున్న బండ్లు మలుపులో తొందరగా నేలను గీసుకుంటాయి. ఆ శబ్దం వినబడితే వేగం తగ్గించుకోవాలని అర్థం. దాన్ని పరీక్ష పేరుతో కావాలని రప్పించవద్దు, ముఖ్యంగా వానాకాలంలో ఆకులు రాలి తడిసిన ఘాట్ మీద.

వెనక కూర్చునేవారు

ఇద్దరు ప్రయాణించే బండిని ఒక్కరే పరీక్షించడం సగం పనే. వెనక మనిషి, పైన పెట్టెలో సామాను చేరితే బరువు వెనక ఇరుసు మీదికి పోయి ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ వదులుగా ఊగినట్టు ఉంటుంది. అందుకే బరువైన సామాను పక్క పెట్టెల్లో అడుగున పెట్టి, స్ప్రింగును బిగించి, ఆ తరువాతనే నడపండి. గేరు మార్చినప్పుడల్లా వెనకవారి హెల్మెట్ మీ హెల్మెట్‌కు తగులుతుంటే క్లచ్, గేరు కుదుపు ఎక్కువన్నమాట. నేను పరీక్షల సంగతులు రాసుకునే నోటు పుస్తకంలో మా శ్రీమతికి విడిగా ఒక పేజీ ఉంటుంది. ముప్పావు గంటకొకసారి ఆగి, నడుము, మోకాళ్లు, అరచేతులు, మెడ ఎలా ఉన్నాయో ఇద్దరం ఒకరితో ఒకరు చెప్పుకోకుండా పదికి ఇన్ని అని రాసుకుంటాం. ముందు మాట్లాడుకుంటే ఒకరి అభిప్రాయం మరొకరి మీద పడుతుంది. ఒకసారి నాకు తొమ్మిది వచ్చిన బండికి ఆవిడ పేజీలో మూడు వచ్చింది. వెనక ఫుట్‌రెస్ట్ మరీ ఎత్తుగా ఉండి మోకాళ్లు మడత పడిపోయాయని అప్పుడే తెలిసింది. మేము ఆ బండి కొనలేదు.

మర్నాడు పొద్దున లేచాక ఒళ్లు ఎలా ఉందో కూడా అదే పేజీలో రాయండి. ఎంపిక రెండు బండ్ల దగ్గరికి వచ్చి ఆగిపోతే, ఆ రెండింటినీ ఒకసారి మీ ఇంటికి తీసుకువెళ్లి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దించండి. స్తంభాల మధ్య మీ స్థలంలో నిలిపి, మళ్లీ తిప్పుకుని, ర్యాంపు మలుపులో ఒక కాలు ఆనించి ఆగి, అక్కడి నుంచి హాఫ్ క్లచ్ మీద పైకి ఎక్కించి చూడండి. కొన్న తరువాత ప్రతి ప్రయాణమూ మొదలయ్యేది, ముగిసేది ఆ ర్యాంపు మీదనే.