మజిల్ లోడర్‌లో మందు ఖర్చు, మసి లెక్క తేల్చుకోవడం ఎలా?

చిత్తూరు జిల్లాలో అడవి అంచున చేలు ఉన్నవాళ్లకు మూతి నుంచి మందు కూరే తుపాకి, అంటే మజిల్ లోడర్, కొత్తేమీ కాదు. పంట కాపలాకు ఇలాంటి తుపాకి పెట్టుకునేందుకు లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. ఈమధ్య అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి, అక్కడ మసి తక్కువ వచ్చే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటి కొత్త మందులు ఉన్నాయని చెబుతుంటే ఇక్కడి పెద్దవాళ్లకు ఆశ పుడుతోంది. ఆ మందుల అసలు ఖర్చు ఎలా లెక్కేయాలో, అవి మిగిల్చే మసిని ఎలా వదిలించాలో చూద్దాం. ముందే ఒక మాట: ఎవరైనా తెచ్చిపెడతారేమో అనుకోవద్దు, తుపాకి మందును విమానంలో తేవడం నిషేధం.

ముందు మసి ఎందుకొస్తుందో తెలియాలి. పాతకాలం నల్లమందు, అంటే బ్లాక్ పౌడర్, పేలినప్పుడు సగానికి పైగా పొగగా, మసిగా మారే ఘన పదార్థమే మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను లాక్కుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజుల్లో కాల్చిన తుపాకిని తెల్లారి చూద్దాంలే అని గోడకు ఆనించి పడుకుంటే గొట్టం లోపల తుప్పు మొదలవుతుంది.

ఇప్పుడు ఖర్చు. డబ్బా ధర చూసి ఆగిపోకండి, ఒక్క కాల్పుకు ఎంత పడుతుందో చూడండి. తుపాకి మందును గ్రెయిన్లనే చిన్న తూకంలో లెక్కేస్తారు, ఒక పౌండు అంటే 7000 గ్రెయిన్లు. కాల్పుకు 100 గ్రెయిన్ల కొలత అనుకుంటే (ఇది లెక్క కోసమే, మీ తుపాకికి ఎంత పోయాలో దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పాలి) బ్లాక్ పౌడర్ పౌండుకు 70 కాల్పులు. పైరోడెక్స్ తేలిక మందు. దాన్ని తూకంతో కాదు, బ్లాక్ పౌడర్ కొలత గిన్నెతోనే పోస్తారు. అందుకని అదే పౌండు సుమారు మూడో వంతు ఎక్కువ కాల్పులకు వస్తుంది. ట్రిపుల్ సెవెన్‌కు అదే కొలతలో బలం ఎక్కువ, కాబట్టి కొలత సుమారు 15 శాతం తగ్గించాలి. బ్లాక్‌హార్న్ 209 దగ్గర చాలామంది మోసపోతారు. దాని డబ్బా పౌండు కాదు, 10 ఔన్సులే, అంటే 4375 గ్రెయిన్లు. ఇదీ తేలికే గనుక 100 గ్రెయిన్ల కొలత గిన్నెకు తూకంలో 70 గ్రెయిన్ల దాకా పడుతుంది, డబ్బాకు సుమారు 62 కాల్పులు. డబ్బా ధరను ఈ అంకెతో భాగించి చూస్తే అది ఎంత ఖరీదో అర్థమవుతుంది.

ఆ డబ్బు పెట్టినా మన తుపాకులకు అది పనికిరాదు. బ్లాక్‌హార్న్ అంటుకోవాలంటే షాట్‌గన్ తూటా అడుగున నిప్పు పుట్టించే 209 ప్రైమర్ వేడి కావాలి, మన తుపాకి గొట్టం వెనక ఉండే నిపిల్ అనే చిన్న మొన మీద పెట్టే క్యాపు నిప్పు చాలదు. చెకుముకి తుపాకి మాట చెప్పనే అక్కర్లేదు. మసి తక్కువన్న పేరు విని దానికోసం ఆరాటపడటం నాకు సరైన పనిగా అనిపించదు.

పైరోడెక్స్‌కు మసి కొంచెం తక్కువే, అయినా తుప్పు విషయంలో అది మంచిదనుకోవద్దు. అందులోని పర్‌క్లోరేట్ అనే రసాయనం కాలాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అది ఉప్పు జాతిదే, ఇనుమును తింటుంది. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు, ఆ కుళ్లు వాసన ఉండదు, నీటితో బాగా వదులుతుంది. అయితే మందు పడే చోట గట్టి వలయంలా పేరుకుని తర్వాతి గుండును కిందికి దిగనివ్వదు. కాల్పుకూ కాల్పుకూ మధ్య తడిగుడ్డతో ఒకసారి తుడవడం తప్ప దానికి వేరే దారి లేదు. గుండు అడుగుదాకా దిగకుండా మధ్యలో ఆగిన తుపాకిని ఎట్టి పరిస్థితిలోనూ పేల్చకూడదు, గొట్టం పగిలిపోవచ్చు. మసి తక్కువని మామూలు తూటాల్లోని పొగలేని మందు పోయడమూ అంతే ప్రమాదం.

కడగడం ఇలా. మందు కూరే కడ్డీని గొట్టంలోకి వదిలి, ఎంతలోతు దిగిందో బయట పక్కన పెట్టి కొలిచి, తుపాకి ఖాళీ అని తేల్చుకోండి. నిపిల్ విప్పి విడిగా వేడినీళ్లలో వేయండి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన వేడినీళ్లలో పాత నూలుగుడ్డ ముక్కలు ముంచి, తెల్లగా బయటికొచ్చేదాకా గొట్టంలో కిందికీ పైకీ ఆడించండి. చెక్క భాగానికి నీళ్లు తగలనివ్వకండి. తర్వాత ఉత్త వేడినీళ్లతో కడిగితే గొట్టం వేడెక్కి తనే త్వరగా ఆరుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తుపాకి నూనె పలచగా రాయండి. బ్లాక్‌హార్న్ వాడేవాళ్లకు మాత్రం నీళ్లు సరిపోవు, తుపాకి గొట్టాలకు వాడే సాల్వెంట్ కొనాలి. ఆ డబ్బూ కాల్పు ఖర్చులోనే కలపాలి.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పజెప్పమంటారు. కోడ్ ఎత్తేసేదాకా తుపాకి అక్కడే ఉంటుంది, మధ్యలో వెళ్లి తుడిచే వీలుండదు. అందుకని అప్పజెప్పే ముందురోజు పైన చెప్పినట్టు మొత్తం కడిగి నూనె రాసి, మర్నాడు పొద్దున ఇంకో పొడిగుడ్డ గొట్టంలో ఆడించి చూడండి. గుడ్డ మీద ఎర్రటి మరక కనిపిస్తే తుప్పు మొదలైనట్టే, మళ్లీ కడిగి నూనె రాయాలి. తిరిగి తెచ్చుకున్నాక మందు కూరేముందు ఆ నూనె తడి లేకుండా తుడిచేయండి. నూనె నిపిల్ రంధ్రంలోకి దిగితే క్యాపు పేలినా మందు అంటుకోదు.