వేలి కొసల మొద్దుబారడం: మూడవ పాఠం
ఏ నరం, ఎక్కడ నలుగుతోంది?

అరచేతిలో నరాలు సాగే దారులను గత పాఠంలో చూశాం. ఈసారి మొద్దుబారిన చోటును బట్టి నలిగిన నరాన్ని గుర్తించడం నేర్చుకుందాం. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనివారి చేతినే ఉదాహరణగా తీసుకుందాం. ఉలి పిడిని అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు ఆనించి గంటల తరబడి నెడితే, మణికట్టు దగ్గర అక్కడే లోపల ఉన్న అల్నార్ నరం నలుగుతుంది.

ముందుగా ఉంగరపు వేలిని పరీక్షించండి. మీరు కళ్లు మూసుకుంటే, ఇంట్లో ఒకరు దూది పోగుతో ఆ వేలి కొసను చిటికెన వేలి వైపు ఒకసారి, నడిమి వేలి వైపు ఒకసారి తాకాలి. సాధారణంగా ఈ వేలిలో చిటికెన వేలి వైపు సగం అల్నార్ నరానిది, నడిమి వేలి వైపు సగం మీడియన్ నరానిది. చిటికెన వేలి వైపే స్పర్శ మందగిస్తే అల్నార్‌నూ, నడిమి వేలి వైపు మందగించి, బొటనవేలు, చూపుడు వేలు కూడా మొద్దుబారితే మీడియన్‌నూ అనుమానించాలి.

అల్నార్ అని తేలితే, చేతి వెనుక చిటికెన వేలి వైపు చర్మాన్ని కూడా తాకించుకోండి. అక్కడికి వెళ్లే కొమ్మ మణికట్టుకు పైనే చీలిపోతుంది కాబట్టి, వెనుక స్పర్శ బాగుండి వేలి కొస మాత్రమే మొద్దుబారితే ఒత్తిడి అరచేతి దగ్గరిదని, రెండూ మందగిస్తే మోచేతి దగ్గరిదని భావించవచ్చు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే.

మందగింపు ఎంతో తెలుసుకోవడానికి జెమ్ క్లిప్పును విప్పి, రెండు కొసల మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, వేలి పొడవునా, చర్మం కొద్దిగా తెల్లబడేంత మాత్రమే ఆనించాలి. కొన్నిసార్లు ఒక కొస, కొన్నిసార్లు రెండూ తాకిస్తూ 10 సార్లు అడిగితే, కనీసం 7 సార్లు సరిగ్గా చెప్పగలగాలి. రెండవ చేతితో పోల్చడం మరవకండి.

అన్ని తిమ్మిర్లనూ పనిమీదికి నెట్టకండి. మధుమేహంలో తిమ్మిరి ఎక్కువగా పాదాల నుంచి మొదలవుతుంది. చర్మంపై స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

వారం పాటు పిడికి మందపాటి గుడ్డ చుట్టి, పట్టు మారుస్తూ పనిచేసి, ఇవే పరీక్షలు మళ్లీ చేసి ఫలితాలను నోటుపుస్తకంలో రాయండి. పట్టు బలాన్ని కొలవడం తర్వాతి పాఠంలో చూద్దాం. అయితే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ ఇప్పటికే గుంటపడి ఉంటే, ఆ పాఠం కోసం ఆగకుండా వైద్యుని కలవండి.